గేటు పిలిచిన పేరు

మా అపార్ట్‌మెంటు గేటుకు నోరొచ్చింది ఆ వానాకాలంలోనే. అంతకుముందు దానికి కిర్రుమనడం తప్ప ఇంకేం తెలీదు. నోరొచ్చీ రాగానే అది మా అమ్మ కడుపులో చెయ్యి పెట్టి దేవింది.

మా నాన్న అసోసియేషన్ సెక్రటరీ. ఉద్యోగమంతా బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసిన మనిషి, రిటైరయ్యాక ఆ చెయ్యి ఊరుకుంటుందా? ఏటా ఎండలు ముదరగానే డాబా మీద కుర్చీలు వేయించి వానాకాలం మీటింగు పెట్టేవారు. డాబా పగుళ్ళు, గొట్టాల్లో ఆకులు, సంపు కడగడం, జనరేటరుకు డీజిలు, గోడ మీదికి వంగిన కొమ్మలు. "ఏది ముందో, ఏది వెనకో తెలిస్తే సగం పని అయినట్టే" అనేవారు. మాకు అన్నంలో కూర కలుపుకునేటప్పుడు కూడా అదే పాట.

కిందటేడు ఆయన రంగు ముందు పెట్టారు. సెల్లార్లో నీళ్ళ పంపు స్టార్టర్ బాక్సు నేలకు మరీ కిందుగా ఉంది, దాన్ని పైకి జరిపించాలని కూడా అనుకున్నారు. కానీ రంగు ఆరాలంటే ఎండ కావాలి. బాక్సుదేముంది, లోపలి పని, ఎప్పుడైనా చేసుకోవచ్చు. అందుకని రంగు ముందు, బాక్సు వెనక. ఎవరినడిగినా అదే చెబుతారు. మీటింగులో అందరూ చేతులెత్తారు, మా అక్క కూడా ఎత్తింది. లేత ఆకుపచ్చ రంగు ఎంచింది కూడా అదే.

మొదటి పెద్ద వానకే సెల్లార్లోకి నీళ్ళొచ్చాయి. "నీ బండి తీసి పైన పెట్టుకోమ్మా" అన్నారు నాన్న. అక్క చెప్పులేసుకుని కిందికి దిగింది. బాక్సు మునిగి, నీళ్ళలో కరెంటుంది. అంతే, ఇంకేం చెప్పను? మా బిల్డింగు గోడలు మాత్రం ఇప్పటికీ కొత్తగా మెరుస్తుంటాయి.

నాన్న సెక్రటరీ పని మానేస్తారనుకున్నాం, మానలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు చూడండి, మా నాన్న ఏకంగా చెట్టునే వాటేసుకున్నారు. ఈ ఏడు ఎండలింకా ముదరకముందే మీటింగు పెట్టేశారు. స్టార్టర్ బాక్సు మనిషెత్తుకి ఎక్కింది. కరెంటు ఏ కాస్త నీళ్ళలోకి జారినా దానంతటదే ఆగిపోయే స్విచ్చు పెట్టించారు. సెల్లార్లో నీళ్ళు చేరగానే ఆయన ఫోను కూసేటట్టు ఒక సెన్సరు, ఎవరు కనబడ్డారో అదే ఫోనుకు చెప్పే కెమెరాలు మూలమూలనా. అన్నిటికంటే గొప్పది గేటు. ముఖం చూసి గుర్తుపట్టి తెరుచుకుంటుంది, పేరు పెట్టి పిలుస్తుంది. అదే క్షణంలో ఇంట్లో గోడకున్న చిన్న స్పీకరు కూడా "ఫలానా వారు వచ్చారు" అని చెబుతుంది. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు కలిసి వస్తే ఇద్దరి పేర్లూ కలిపి చెబుతుంది.

బిగించడానికొచ్చినావిడ ముడిలో పెన్ను దోపుకున్న లావుపాటి మనిషి. అందరం ఆవిణ్ణి మెషీన్ మేడం అనేవాళ్ళం. ఒక ఆదివారం పొద్దున ఒక్కొక్కరినీ గేటు ముందు నిలబెట్టి ముఖాలు ఎక్కించిందట. పై అంతస్తు ఆంటీ పౌడరు పూసుకొస్తానని రెండుసార్లు పైకెళ్ళిందట. ప్రెసిడెంట్ గారు టోపీ తియ్యనంటే "అయితే జన్మంతా టోపీతోనే రావాలి మరి" అందట మేడం.

నేను లేను. కళ్ళజోళ్ళ షాపులో పని నాది, ఆదివారాలే మాకు గిరాకీ.

"మరి నాది?" అనడిగాను ఇంటికొచ్చాక.

"నీదీ అమ్మదీ ఫొటోలతో ఎక్కించేశాలే" అన్నారు నాన్న. "మనింటి వాళ్ళవి ముద్దుపేర్లే పెట్టాను. పిలిస్తే బాగుంటుందని."

మర్నాడు సాయంత్రం సన్నటి జల్లులో షాపు నుంచి వచ్చి, సైకిలు దిగి గేటు ముందు నిలబడ్డాను. కెమెరా చుట్టూ నీలం దీపం ఒక తిరుగు తిరిగింది.

"స్వాగతం, పెద్దమ్మడు."

గేటు తెరుచుకుంది. నేను లోపలికి వెళ్ళలేదు. కాలు నీళ్ళగుంటలో ఉందని కూడా తెలియలేదు. స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ తాత లేచి నిలబడి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

మా అక్కను పెద్దమ్మడు అనేవాళ్ళు ఇంట్లో. నేను చిన్నమ్మడిని.

మెట్లెక్కి వెళ్ళేసరికి మా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గడపలో అమ్మ. అక్క పోయిన దగ్గర్నుంచీ అమ్మ గడప దాటింది లేదు, పడగ్గది వదిలి హాల్లోకి రావడమే గొప్ప. అలాంటిది తల మీద కొంగు జారిపోయి, ఒక చెయ్యి తలుపుకి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసింది. నా భుజం మీదుగా మెట్లవైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నువ్వా?" అంది.

ఆ ఒక్క మాట చాలు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

ఆ రాత్రే నాన్నని నిలదీశాను. ఆయన ఫోను తీసి చూపించారు. చిన్నమ్మడు అన్న పేరు పక్కన నేను కాలేజీలో చేరిన కొత్తలో తీసిన ఫొటో, సోడాబుడ్డి కళ్ళద్దాలూ మొటిమలూ నూనె జడా. ఇప్పుడు నేను కంటిలోపల పెట్టుకునే లెన్సులు వాడతాను, జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను. పెద్దమ్మడు పక్కన అక్క నవ్వు ముఖం, జుట్టు భుజాల దాకా.

"ఇంతకంటే కొత్తది లేదా నాది?"

"నా ఫోన్లో నీ ఫొటో ఇదొక్కటే ఉందమ్మా" అన్నారు, ఏదో దొంగతనం బయటపడ్డట్టు.

"సరే. అక్కనెందుకు ఎక్కించారు నాన్నా?"

ఆయన ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు. "మేడం అడిగింది, ఇంట్లో ఎంతమంది అని. నలుగురం అన్నాను. నోటికి అదే వచ్చింది. అన్నాక, నాలుగో ఫొటో ఏదీ అంది. వెనక్కి తీసుకోలేకపోయాను."

ఇంకేం అడుగుతాం? మెషీన్ తప్పు కూడా ఏం లేదు. నేను పొద్దస్తమానం మనుషుల కళ్ళ మధ్య దూరం కొలిచేదాన్ని, నాకు తెలియదా? అమ్మవీ అక్కవీ నావీ ఒకే కళ్ళు, ఒకే నుదురు. ముగ్గురికీ ఒకే ఫ్రేము సరిపోతుంది. అమ్మకు దళసరి అద్దాలుంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు గానీ, అద్దాలు తీస్తే అక్క అమ్మ ముఖం ఊడిపడ్డట్టే ఉండేది.

"రేపే నా ముఖం మళ్ళీ ఎక్కించండి" అన్నాను.

"చేద్దాం చేద్దాం. ముందు కాలవలు తీయించనీ" అన్నారు. గొంతు తగ్గించి, "అమ్మ ఇవాళ రెండు ముద్దలెక్కువ తింది" అన్నారు.

అదీ సంగతి. నా నోటికి అక్కడితో తాళం పడింది.

ఇక రోజూ సాయంత్రం అదే తంతు. గేటు నన్ను పెద్దమ్మడు అంటుంది. పైన స్పీకరు "పెద్దమ్మడు వచ్చారు" అంటుంది. బతికున్నప్పుడు దాన్ని ఎవరూ అంత మర్యాదగా పిలిచిన పాపాన పోలేదు. ఆ పిలుపు కోసం అమ్మ మధ్యాహ్నం నుంచే తయారయ్యేది. తల దువ్వుకునేది, హాల్లో కూర్చునేది, స్పీకరు పలకగానే టీ పొయ్యి మీద పెట్టి తలుపు తీసేది. తీశాక నన్ను చూసి, చిన్నగా తలూపి, లోపలికి వెళ్ళిపోయేది. నేనే వస్తానని అమ్మకు తెలుసు. పిచ్చిది కాదు మా అమ్మ. తెలిసీ రోజూ ఆ కాస్సేపు, తలుపు తీసేదాకా, పెద్దకూతురు మెట్లెక్కుతోందనుకునేది. వచ్చింది అక్క కాదని చెప్పడానికే నేను రోజూ ఇంటికి వస్తున్నట్టుండేది.

ఒకరోజు ఒళ్ళు మండి, పెట్టె అడుగునున్న పాత సోడాబుడ్డి జోడు పెట్టుకుని గేటు ముందు నిలబడ్డాను. నీలం దీపం రెండు తిరుగుళ్ళు తిరిగింది.

"గుర్తు తెలియని వ్యక్తి" అంది గేటు.

వాచ్‌మన్ తాత పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే జోడు తీసేసి, పెద్దమ్మడిగా లోపలికి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నేనిక్కడే ఉన్నాను, ఊపిరి తీస్తున్నాను. ఈ ఇంట్లోకి రావాలంటే మాత్రం పోయినదాని పేరు పెట్టుకుని రావాలి. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే నేనన్నదాన్ని మిగలనని భయమేసింది.

బిల్డింగులో గుసగుసలు మొదలయ్యాయి. తాత తన స్టూలు గేటుకు దూరంగా జరుపుకున్నాడు. చివరికి అసోసియేషన్ మీటింగులో పై అంతస్తు ఆంటీ లేచింది.

"ఏమీ అనుకోకండి సెక్రటరీ గారూ. పొద్దుగూకేవేళ ఆ పేరు వినబడుతుంటే మా పిల్లలు జడుసుకుంటున్నారు. మా గుండెలు మాత్రం రాళ్ళా? ఆ పిల్ల మా చేతుల్లో పెరిగింది."

"తీసేస్తేనే మంచిదేమో" అన్నారు ప్రెసిడెంట్ గారు, టోపీ చేతిలో తిప్పుకుంటూ.

"వానలు తగ్గాక చూద్దాం" అన్నారు నాన్న. "ముందు డాబా గొట్టాలు."

మీటింగయ్యాక మెట్ల మలుపులో ఆయనకి అడ్డం నిలబడ్డాను. "ఏది ముందు నాన్నా? గొట్టాలు ముందు, కాలవలు ముందు, అమ్మ తినే రెండు ముద్దలు ముందు. నేనెప్పుడు? నన్ను ఏ వాన తర్వాత రాశారు?"

ఆయన రెయిలింగు పట్టుకుని నా వైపు చూశారు. నా పక్కనుంచి పైకి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే వాన ముంచుకొచ్చింది. పొద్దున్నుంచీ మబ్బు కమ్ముకుని, సాయంత్రానికి కుండపోత. షాపు తొందరగా మూసేశాం. గేటు నన్ను అక్కను చేసి లోపలికి రానిచ్చాక, నా సైకిలు పెట్టుకోవడానికి సెల్లార్లోకి దిగాను. ర్యాంపు మీద నుంచి నీళ్ళు సన్నగా లోపలికి జారుతున్నాయి. మూలన కవరు కప్పిన అక్క బండి. ఏడాదిగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నీళ్ళు దాని టైరు దాకా వచ్చేశాయి.

నాకు భయం వెయ్యలేదు. బాక్సు మనిషెత్తున ఉంది, కొత్త స్విచ్చుంది. తడిసి తుప్పు పట్టిపోతుందే అనిపించి సైకిలు గోడకానించి, కవరు లాగి బండి హ్యాండిలు పట్టుకున్నాను.

పైన మా ఇంట్లో నాన్న ఫోను కూసిందట. సెల్లార్లో నీళ్ళు, అని. వెంటనే ఇంకో కూత. సెల్లార్లో పెద్దమ్మడు, అని.

నాకు తెలిసిందల్లా ఒక్కసారిగా బిల్డింగంతా చీకటైపోవడం. నాన్న మెయిన్ స్విచ్చు కట్టేశారు. ఆ తర్వాత మెట్ల మీద ఉత్త పాదాల చప్పుడు, కేక.

"పెద్దమ్మడూ! బండి వదిలెయ్! బండి వద్దమ్మా, బండి పోతే పోనీ! పైకి వచ్చెయ్ తల్లీ!"

నా చేతుల్లోంచి హ్యాండిలు జారిపోయింది. కిందటేడు ఆయన అనలేకపోయిన మాటలవి.

"నాన్నా, నేను" అన్నాను. వినిపించుకోలేదు. మడమ మునిగే నీళ్ళలో చప్పుడు చేసుకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకొచ్చారు. ఫోను వెలుతురు నా ముఖం మీద పెట్టారు. రొప్పుతున్నారు. నన్ను చూసి, వెలుతురు నా వెనక నీళ్ళ మీదికి తిప్పారు. అటూ ఇటూ తిప్పి వెతికారు.

"అక్కేదీ?" అన్నారు.

వెనక్కి తిరిగి నేను కూడా చూశాను, అబద్ధమెందుకు.

"నేనొక్కదాన్నే వచ్చాను నాన్నా."

ఆయన మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు. "ఒక్కదానివే" అన్నారు. "అవును కదూ. ఒక్కదానివే." నా మణికట్టు మాత్రం వదల్లేదు. నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. కాస్సేపటికి, "చేతులు చల్లగా ఉన్నాయేంటమ్మా నీవి" అన్నారు. ఏడాది తర్వాత మా నాన్న నన్ను చూసింది అప్పుడే.

మర్నాడు ఆయన మెషీన్ మేడంని పిలిపించి, నాకు షాపులో సెలవు తనే అడిగి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గేటు ముందు నిలబెట్టారు. నా జుట్టు ఒక పాయ చెవి వెనక్కి తోశారు. "ఇటు తిరగమ్మా. అటు తిరుగు. నవ్వు కాస్త."

"అయ్యింది. చిన్నమ్మడు" అంది మేడం. "మరి పెద్దమ్మడి పేరు తీసెయ్యమంటారా?"

"తీసెయ్యండి" అన్నారు నాన్న. అని, వెంటనే, "ఎల్లుండి రండి. ఇంట్లో ఒకమాట చెప్పుకోవాలి" అన్నారు.

చెప్పారు. అమ్మ గ్లాసు తుడుస్తూ విన్నది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"తీసేయించండి" అంది చివరికి. "పాపం చిన్నది ఎన్నాళ్ళని రెండు పేర్లకు పలుకుతుంది?" ఆ గ్లాసులో టీ పోసి నాకిచ్చింది. "తాగవే చిన్నమ్మడూ, చల్లారిపోతుంది."

నా పేరు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు సాయంత్రం గేటు నన్ను నా పేరుతోనే లోపలికి పిలిచింది. సైకిలు సెల్లార్లో పెట్టి పైకి వెళ్ళాను. తలుపు తీసి ఎవరూ నిలబడలేదు. నాన్న కుర్చీలో కునుకు తీస్తున్నారు. అమ్మ వంటింట్లో లేదు, పడగ్గదిలో లేదు. బాత్‌రూం తలుపు తీసే ఉంది. నాన్నను లేపేలోపల గోడ మీద స్పీకరు పలికింది.

"పెద్దమ్మడు వచ్చారు."

నేనిక్కడే ఉన్నాను. హాలు మధ్యలో, ఉలిక్కిపడి లేచిన నాన్న ఎదురుగా. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"పెద్దమ్మడు వచ్చారు" అంది స్పీకరు మళ్ళీ.

బాల్కనీలోకి పరుగెత్తి కిందికి చూశాం. జల్లులో, గేటు అవతల, అమ్మ. ఏడాదిగా గడప దాటని మా అమ్మ. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, తల పైకెత్తి, కెమెరా వైపు చూస్తోంది. గేటు తెరుచుకుంది. అమ్మ లోపలికి రాలేదు. అది మూసుకునేదాకా ఆగి మళ్ళీ ముఖం చూపించింది. మళ్ళీ స్పీకరు పలికింది. వాచ్‌మన్ తాత స్టూలు వదిలి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను వెళ్తా" అన్నారు నాన్న. చేతులు మాత్రం బాల్కనీ కమ్మీని వదల్లేదు. గొడుగు తీసుకుని నేనే దిగాను.

"అమ్మా, తడిసిపోతున్నావే."

"చూశావా, నన్ను కూడా అదే అనుకుంటోంది" అంది అమ్మ. సంబరంగానే అంది. "రేపు తీసేస్తారుగా. అందరూ గేటు దగ్గరే విన్నారు, నేనొక్కదాన్నే ఇంట్లో గోడ మీది స్పీకర్లో విన్నాను. ఎదురుగా నిలబడి ఒక్కసారి విందామని." నా చెయ్యి తడుముకుంది. "జోడు తీస్తే నాకేం కనిపించట్లేదే. వినబడుతోంది, చాలు."

గొడుగు ముడిచేశాను.

"ఇటు రా" అంది అమ్మ. "నా పక్కన నిలబడు."

నిలబడ్డాను. తడిసిన భుజానికి భుజం ఆనింది. నీలం దీపం తిరిగింది, ఆగింది, ఇంకోసారి తిరిగింది.

"స్వాగతం. పెద్దమ్మడు, చిన్నమ్మడు."

మేము బడికి వెళ్ళే రోజుల్లో వాన పడితే నాన్న బాల్కనీలో కాపు కాసేవారు. మేమిద్దరం మలుపు తిరగగానే లోపలికి కేకేసేవారు, "పెద్దమ్మడు, చిన్నమ్మడు వచ్చారు! తువ్వాళ్ళు తే!" అని. ఇప్పుడు ఆయన ఒక్కరూ ఉన్న ఇంట్లో, గోడ మీద ఆ చిన్న స్పీకరు ఏమని ఉంటుందో నాకు తెలుసు. మాటతో సహా తెలుసు.

అమ్మను పట్టుకుని మెట్లెక్కాను. తలుపు బార్లా తీసి ఉంది. గడపలో నాన్న నిలబడి ఉన్నారు. మమ్మల్ని బాల్కనీలోంచి చూశారు, వచ్చేది ఎవరెవరో ఆయనకు తెలుసు. అయినా చేతిలో మూడు తువ్వాళ్ళున్నాయి.

అమ్మ ఒకటి తీసుకుంది. నేనొకటి తీసుకున్నాను. మూడోదాన్ని ఏం చెయ్యాలో తెలియక నాన్న కాస్సేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత దాన్ని తన ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.